తుంగభద్ర అవతల ఇంగ్లీషు పంతులు

మా ఊరి నుంచి పరదేశం పోవడానికి ఓడ ఎక్కనక్కర్లేదు. కర్నూల్లో రైలెక్కి తుంగభద్ర వంతెన దాటితే చాలు. ఇవతల ఇంగ్లీషువాడి దొరతనం, అవతల నైజాం. అక్కడ నాణెం వేరు, కచేరీల్లో ఉర్దూ, నెలల పేర్లు వేరు, బడికి సెలవు ఆదివారం కాదు శుక్రవారం. యుద్ధం రోజుల్లో, ఇరవయ్యేళ్ల వయసులో, నేను ఇంగ్లీషు పంతులు ఉద్యోగం వెతుక్కుంటూ ఆ వంతెన దాటాను.

అవతలి స్టేషనులో సుంకం జవాన్లు ఎక్కి అందరి మూటలూ విప్పించారు. నా మూటలో రెండు పంచెలు, ఒక కోటు, అమ్మ కట్టిచ్చిన వేరుశనగ ఉండలు, ఒక ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకం ఉన్నాయి. జవాను ఆ పుస్తకాన్ని తిరగేసి మరగేసి చూశాడు.

"గిదేందప్పా?"

"ఇంగ్లీషు."

"అమ్మేదా?"

"కాదు. చెప్పేది."

"అయితే సుంకం లేదు, పెట్టుకో" అన్నాడు, ఒక వేరుశనగ ఉండ మాత్రం తీసుకుని. నాకు నవ్వు రాలేదు. నిజానికి దాన్ని అమ్ముకోవడానికే పోతున్నాను, కొనేవాడు దొరుకుతాడో లేదో తెలియదు.

మేం నేతగాళ్లం. ఇంట్లో రెండు మగ్గాలు ఉండేవి. మగ్గం కింద నేలలో గుంట ఉంటుంది, నేసేవాడు అందులోకి కాళ్లు దించి కూర్చుంటాడు. నేను స్కూలు ఫైనలు ప్యాసై ఏడాది గడిచినా ఉద్యోగం రాలేదు. తిని కూర్చుంటున్నానని నాన్న ఒకరోజు మూడో గుంట తవ్వించాడు. "దసరా లోపల కొలువు దొరికితే సంతోషం. దొరక్కపోతే ఇందులోకి దిగు" అన్నాడు. ముందు నుయ్యి వెనుక గొయ్యి అని అందరూ అంటారు. నా వెనుక గొయ్యి మా నాన్న పార పెట్టి నిజంగానే తవ్వించాడు. మగ్గం అంటే నాకు చిన్నతనం. ఎందుకని అడిగితే ఇప్పుడు సిగ్గేస్తుంది గానీ, ఇంగ్లీషు నేర్చిన కాళ్లు గుంటలోకి దిగకూడదని అప్పట్లో నా నమ్మకం.

ముందు నేరుగా హైదరాబాదు పోయాను. అక్కడివాళ్లు దాన్ని పట్నం అంటారు. ధర్మశాలలో పది రోజులు ఉండి, ఎక్కడ బడి కనబడితే అక్కడ కోటు వేసుకుని నిలబడ్డాను. అందరూ అడిగే మొదటి మాట ఒకటే. "ముల్కీవా?" అంటే ఈ రాజ్యంలో పుట్టినవాడివా అని. కాదంటే రెండో మాట ఉండేది కాదు. ఒక బడి గుమాస్తా మాత్రం నన్ను చూసి జాలిపడి బయటిదాకా వచ్చాడు. "పట్నంల గల్లీకో బి.ఏ. ఉన్నడు తమ్మీ. బయటి ఊర్లకు పో. దూరం పోయినకొద్దీ ఇంగ్లీషు తెలిసినోళ్లు కరువు. ఆడ ముల్కీ గిల్కీ అని అడిగే ఓపిక ఎవరికీ ఉండదు" అన్నాడు. పరాయి రాజ్యంలో నాకు దొరికిన మొదటి మంచి సలహా అది.

అందుకని గద్వాల వచ్చి పడ్డాను. మా అక్కను గద్వాలలో ఇచ్చారు. బావ చీరలు నేస్తాడు. నూలు చీరకు పట్టు అంచు అతికించే పని వాళ్లది. అంచు రంగు వేరు, ఒంటి రంగు వేరు, రెంటి పోగులనూ పేకకు పేక మెలివేసి కలపాలి. అందుకు మగ్గం దగ్గర ఇద్దరు కూర్చోవాలి. ఒకరు నేస్తుంటే రెండోవాళ్లు పక్క నాడె అందించాలి. నాడె అంటే పేక నూలు మోసుకుంటూ అటూ ఇటూ పోయేది. ఆ రెండో చెయ్యి మా అక్కది. నేను పోయేసరికి ఆ చేతికి పసరుకట్టు ఉంది. వాకిట్లో జారిపడి మణికట్టు విరిగింది. మగ్గం మీద పెళ్లి చీర సగంలో ఆగిపోయి ఉంది.

బావ మాట తక్కువ మనిషి. నన్ను చూసి, "వచ్చినవా బామ్మర్దీ" అన్నాడు, అంతే. నేనూ ఆయన్ని పెద్దగా లెక్కలో పెట్టేవాణ్ణి కాదు. ఇంగ్లీషు రానివాళ్లందరినీ ఆ రోజుల్లో అట్లాగే చూసేవాణ్ణి. మా వంశంలో నేను తప్ప అందరూ ఆ లెక్కలోకే వచ్చేవారు.

గద్వాల బడిలో అడిగితే ఖాళీ లేదన్నారు. అక్కడి పెద్దమనిషి ఒకరు మర్యాదగా కూర్చోబెట్టి, చల్ల ఇప్పించి, లేదన్నారు. వనపర్తి పొమ్మన్నారు. రైలెక్కి వనపర్తి రోడ్డులో దిగి, బొగ్గుతో నడిచే బస్సు ఎక్కాను. పెట్రోలు యుద్ధానికి పోయిందని ఆ రోజుల్లో బస్సు వెనక పొయ్యి కట్టి బొగ్గు కాల్చి నడిపేవారు. ఎత్తు వస్తే అందరం దిగి తోసేవాళ్లం. వనపర్తిలో దిగేసరికి కోటు మసిబారింది. అక్కడ కూడా కూర్చోబెట్టి, బి.ఏ. ఉందా అని అడిగారు. లేదన్నాను. అయ్యో అన్నారు. ఆ అయ్యో నిజంగానే అన్నారు, అందుకే ఎక్కువ నొప్పేసింది.

బస్సు దగ్గర టీ కాచే ఆయన నా ముఖం చూసి సంగతి అడిగాడు. విని, "నాగర్‌కర్నూల్ల ఒక వకీల్ సాబు ఖానగీ బడి పెడ్తుండట. ఇంగ్లీషు చెప్పేటోని కోసం పరేషాన్ అవుతుండు. జల్ది పో" అన్నాడు. ఖానగీ అంటే సర్కారుది కాకుండా నలుగురు కలిసి సొంతంగా పెట్టుకునేది. టీ తాగకుండానే లేచి పోయాను. ఇంకొకడెవడైనా నాకంటే ముందు విని ఉంటాడేమోనని దారి పొడుగునా నాకు భయమే. బస్సు ఆగిన ప్రతిచోటా, కోటు వేసుకున్నవాడు ఎవడైనా ఎక్కుతున్నాడా అని చూశాను.

నాగర్‌కర్నూలు వకీలు నలభై ఏళ్ల మనిషి. పెద్ద గొంతు, చిన్న కళ్లు. తన ఇంటి వసారాలో కూర్చోబెట్టి, ఇంగ్లీషులో అచ్చయిన తీర్పు ఒకటి నా చేతికిచ్చి చదవమన్నారు. చదివాను. తెలుగులో చెప్పమన్నారు. చెప్పాను. ఒకచోట నాకు అర్థం కాని మాట వస్తే తెలిసినట్టే దాటేశాను. ఆయనకూ అది తెలియదు కాబోలు, తల ఊపారు.

"మా పిల్లలకు ఇంగ్లీషు రావాలె పంతులూ. ఎన్ని దినాలు పట్నం నుంచి మనుషుల్ని తెచ్చుకుంటం? వచ్చినోడు వారం ఉండడు. నువ్వు ఉంటవా?"

"ఉంటాను."

"ఉర్దూ సదువుడు, రాసుడు వచ్చునా? హాజరు రిజిస్టరు ఉర్దూలనే ఉండాలె. తాలీమాత్ సాబు వచ్చి చూస్తడు. అండ్ల తప్పు పడితే బడికి ఇజాజత్ ఉండదు, మూస్కోవాలె."

తాలీమాత్ అంటే విద్యాశాఖ. ఇజాజత్ అంటే అనుమతి. ఈ మాటలు నాకు తెలుసు, ఎందుకంటే కర్నూలు బజారులో పెరిగినవాడికి ఉర్దూ మాట్లాడటం వస్తుంది. ఉర్దూ నా నాలుక మీద ఉంది గానీ కంట్లో లేదు. ఒక్క అక్షరం తెలియదు. కళ్ల ముందు మా ఇంటి మూడో గుంట కనబడింది.

"వచ్చు" అన్నాను.

"మంచిది. పదిహేనో దినం బడి తెరుస్తం" అని, ఇరవై ముగ్గురు పిల్లల పేర్లు ఉర్దూలో రాసిన కాగితం నా చేతిలో పెట్టారు. దాన్ని చదివినట్టు కాసేపు చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాను. తలకిందులుగా పట్టుకున్నానో సరిగ్గా పట్టుకున్నానో ఈనాటికీ తెలియదు.

గద్వాల తిరిగి వచ్చి అక్కకు చెప్పాను. కొలువు దొరికిందని ముందు సంతోషపడింది, ఉర్దూ సంగతి విని నుదురు కొట్టుకుంది, అదీ ఎడమ చేత్తో. "అబద్ధమాడితే అతికినట్టుండాలంటరు తమ్మీ. నీ అతుకు ఈడికే కానొస్తుంది" అంది. పెళ్లయి ఆరేళ్లకు మా అక్క అచ్చం గద్వాల మనిషైపోయింది.

బావ మగ్గం మీద నుంచి తల ఎత్తకుండా, "నేను నేర్పిస్త" అన్నాడు.

నేను నమ్మలేదు. "నీకు ఉర్దూ వచ్చునా బావా?"

"నాలుగో జమాత్ సదివిన. సగం."

"మరి ఎప్పుడూ చెప్పలేదే?"

"నువ్వు అడగలే."

బేరం కుదిరింది. ఆయన నేర్పాలి, నేను అక్క చోట కూర్చుని నాడె అందించాలి. పెళ్లివాళ్లు చీర కోసం రెండుసార్లు మనిషిని పంపారు, ఆయనకు రెండో చెయ్యి కావాలి. గుంటలోకి దిగనని ఊరు విడిచి, రాజ్యం విడిచి వచ్చినవాణ్ణి, పది రోజులు పొద్దుటి నుంచి దీపాలవేళదాకా గద్వాలలో గుంట పక్కన కూర్చున్నాను. నాన్న చూసి ఉంటే ఎంత నవ్వేవాడో.

బావ ఇంట్లో కాగితం లేదు. ఒక చెక్క పలక మీద సుద్దతో రాసి మగ్గానికి ఆనించేవాడు. రెండు పేకలు వేసి ఒక అక్షరం చెప్పేవాడు. "బే, పే, తే. మూడిటికీ గీత బుట్టి లెక్క ఒక్కటే, సుక్కలే వేరు. సుక్క మరిస్తే పేరే మారుతది, జర జాగ్రత్త." కుడి నుంచి ఎడమకు రాయడం నాకు చేతకాక చిరాకుపడి, ఇది తలకిందుల భాష అని ఒకసారి విసుక్కున్నాను. ఆయన నాడె విసిరి, "దీనికి కుడేంది, ఎడమేంది? పోయేటప్పుడు పోతది, వచ్చేటప్పుడు వస్తది. చెయ్యికి అలవాటు కావాలె, గంతే" అన్నాడు. నేను తప్పుచేస్తే తిట్టేవాడు కాదు. తుడిచేసి మళ్లీ రాసేవాడు. అంత ఓపిక నాకు ఆ తరువాత ఎన్నేళ్లు పంతులుగా చేసినా రాలేదు.

నాలుగో తరగతి సగంలో ఎందుకు మానేశాడో అడగాలని నాకు తోచలేదు. అప్పుడు నా గోల నాది.

పదోనాటికి పేర్ల కాగితం మొత్తం తడుముకుంటూ చదవగలిగాను. రాయగలిగాను కూడా. కోడి కెలికినట్టుండేది గానీ చుక్కలు ఎక్కడివక్కడ పడేవి. చీర పూర్తయింది. అక్క ఎడమ చేత్తోనే జొన్నరొట్టెలు కట్టి ఇచ్చింది. బావ స్టేషనుదాకా వచ్చి, "పరేషాన్ కాకు" అన్నాడు. అది చెప్పినంత తేలిక కాదు.

నాగర్‌కర్నూల్లో బడి ఒక అద్దె ఇంట్లో. వకీళ్ల పిల్లలు, దుకాణదారుల పిల్లలు, మెట్టపొలాల రైతుల పిల్లలు. లింగాల నుంచి వచ్చి చుట్టాలింట్లో ఉండి చదివేవాడు ఒకడు, కల్వకుర్తి వైపు నుంచి ఇద్దరు. ఇంగ్లీషు చెప్పడం నాకు కష్టమనిపించలేదు. పిల్లలు గొంతెత్తి చదివితే వీధిలో పోయేవాళ్లు ఆగి వినేవారు. ఎడ్లబండి ఆపి వినే రైతు ఒకాయన, "గిది సదివితే తహసీల్దారు అయితడా?" అని నన్నే అడిగాడు. అవుతాడని చెప్పాను. అబద్ధాలు అప్పటికి అలవాటయ్యాయి.

కష్టమంతా పొద్దున మొదటి పావుగంట. హాజరు పిలవాలి. రిజిస్టరు కొత్తది, గుడ్డ అట్ట, అట్ట మీద ఏమీ రాసి లేదు, లోపల గళ్లు మాత్రం. వారానికో పుట. ప్రతి పుటలోనూ కుడి గళ్లలో పేర్లు రాసుకుని, ఎడమకు పోతూ గుర్తులు పెట్టేవాణ్ణి. పిలిచేటప్పుడు రిజిస్టరు వైపు చూసేవాణ్ణి గానీ పేర్లు కంఠస్థం చేసినవే. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. నా రాత బాగాలేదనేమో అనుకుని గొంతు పెంచేవాణ్ణి.

ఇంకో బాధ వకీలు పంపే చీటీలు. ఆయన ఏది చెప్పాలన్నా ఉర్దూలో నాలుగు ముక్కలు రాసి పంపేవారు. పేర్లు తప్ప నాకు ఇంకేమీ గబుక్కున రావు. "పని మీదున్నాను, చూస్తాను" అని జేబులో పెట్టుకుని, గదికి పోయి ఒక్కో అక్షరం కూడబలుక్కునేవాణ్ణి. ఒకసారి చీటీ విప్పి చదవడం పూర్తయ్యేసరికి పొద్దు గుంకింది. ఆ మధ్యాహ్నం వాళ్లింట్లో భోజనానికి రమ్మని అందులో ఉంది. మర్నాడు వకీలు, "ఏం పంతులూ, మా ఇంట్ల తినరాదా?" అంటే కడుపునొప్పి అని చెప్పాను. నిజంగానే నొప్పి వచ్చింది. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ రెండు నెలలు ఎవరు ఏ కాగితం తీసినా నా గుండెల్లో రాయి పడేది.

అప్పుడు వచ్చింది కబురు, తాలీమాత్ సాబు తనిఖీకి వస్తున్నారని. వకీలు కోర్టు మానుకుని బడికి సున్నం వేయించారు. పిల్లలకు సలాము చేయడం నేర్పించారు. నాతో, "రిజిస్టరు సక్కగున్నదా?" అన్నారు. ఉందన్నాను. ఆ ఒక్క సంగతిలో నేను చెప్పింది నిజం. ఒక్క రోజు తప్పలేదు, ఒక్క గుర్తు తప్పలేదు. తనిఖీ రోజున నాకు ధైర్యం ఇచ్చింది ఆ రిజిస్టరు ఒక్కటే.

సాబు షేర్వాణీ వేసుకున్న సన్నని మనిషి. తెల్లగడ్డం, నిదానం. పిల్లల ఇంగ్లీషు విన్నారు, సంతోషించారు. తరువాత రిజిస్టరు అడిగారు. రెండు చేతులతో అందించాను. ఆయన తెరిచారు. ఒక పుట తిప్పారు. ఇంకోటి తిప్పారు. ఇంకో నాలుగు తిప్పారు. ముందు నన్ను చూసి, తరువాత వకీలును చూసి, ఉర్దూలో మెల్లగా అడిగారు.

"రెండు నెలల్లో ఒక్క పిల్లవాడూ బడికి రాలేదా?"

ఎదురుగా ఇరవై ముగ్గురూ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. రిజిస్టరు మాత్రం ఖాళీ. తెల్లటి గళ్లు, ఒక్క గీత లేదు. పై ప్రాణాలు పైనే పోయాయంటే ఏమిటో ఆరోజు తెలిసింది. ఎవరో రిజిస్టరు మార్చేశారనుకున్నాను. వకీలు మొహంలో నెత్తురు లేదు. "పంతులూ, ఏంది గిది?" అన్నారు. ఆ పెద్ద గొంతు ఆరోజు పక్కవాడికి కూడా వినబడనంత చిన్నదైపోయింది.

నేను ముందుకు పోయి రిజిస్టరు అందుకుని, రోజూ తెరిచినట్టే తెరిచాను. అన్నీ ఉన్నాయి. మొదటి వారం, రెండో వారం, తొమ్మిది వారాలూ ఉన్నాయి. సాబు చూస్తున్నారు. ఆయన దాన్ని కుడివైపు నుంచి తెరిచారు, నేను ఎడమవైపు నుంచి. ఉర్దూ పుస్తకం ఇంగ్లీషు పుస్తకానికి అవతలి కొస నుంచి మొదలవుతుందని నాకు తెలియదు. వాళ్లకు ఆఖరి పుట అయినదాన్ని నేను మొదటి పుట చేసుకుని, రెండు నెలలు వెనక నుంచి ముందుకు రాసుకుంటూ వచ్చాను.

లింగాల పిల్లవాడు ఆపుకోలేక, "మేం మొదటి దినమే చూసినం సార్. ఇంగ్లీషు పంతులు గదా, ఇంగ్లీషోళ్ల పద్ధతి గిట్లనే ఉంటదేమో అనుకున్నం" అన్నాడు. అందరూ నవ్వారు. సాబు నవ్వలేదు.

"చదువు" అన్నారు.

వేలు పెట్టి చదివాను. ఈసారి కంఠస్థం గుర్తుకు రాలేదు, భయానికి అన్నీ మరిచిపోయాను. ఒక్కో బుట్టినీ, ఒక్కో చుక్కనూ చూసి చదివాను. ఇరవై ముగ్గురూ తప్పు లేకుండా వచ్చారు.

"ఎవరు నేర్పారు?"

పక్కన వకీలు ఉన్నారు. రెండు నెలల కింద నేర్చానంటే మొదటి రోజు చెప్పింది అబద్ధమని తేలిపోతుంది. మగ్గం దగ్గర నేర్చానని నలుగురిలో చెప్పుకోవడం నాకు అంతకంటే కష్టమైంది, అదీ ఒప్పుకోవాలి. "కర్నూల్లో ఒక మున్షీ గారు, చిన్నప్పుడు" అన్నాను.

సాబు రిజిస్టరు మూసి, తెరిచి, మూశారు. అప్పుడు తెలుగులోకి వచ్చారు, బహుశా నాకు బాగా అర్థం కావాలని.

"మున్షీ అయితే ముందుగల్ల కితాబు ఎట్ల తెరవాల్నో నేర్పుతడు. నీకు నేర్పినాయన మంచిగ నేర్పిండు, హరూఫ్‌ల తప్పు లేదు. కానీ ఆయన ఇంట్ల ఒక్క కితాబు కూడ లేకుండె. హౌనా?"

హరూఫ్ అంటే అక్షరాలు. బావ ఇల్లు కళ్ల ముందు తిరిగింది. చెక్క పలక, సుద్ద, మగ్గం, నూలు కండెలు. పది రోజులు ఆ ఇంట్లో కూర్చున్నాను, పుస్తకం లేదన్న సంగతి నేను గమనించనే లేదు. ఎప్పుడూ చూడని మనిషి, నా రిజిస్టరు తెరిచి, కనిపెట్టాడు.

"మా బావ" అన్నాను. "గద్వాలలో చీరలు నేస్తాడు. పది రోజుల్లో నేర్పాడు. ఈ కొలువు కోసం."

సాబు రిజిస్టరు మళ్లీ తెరిచారు. కుడివైపు మొదటి పుటలో, హాజరు అవతలి వైపు నుంచి ఉంది, సరిగ్గా ఉంది అని రాసి సంతకం పెట్టారు. బడికి ఇజాజత్ నిలిచింది. నా కొలువు నిలుస్తుందో లేదో ఎవరూ చెప్పలేదు.

వకీలు ఆయన్ను బండి ఎక్కించి వచ్చి, నా ముందు నిలబడ్డారు. "నన్ను తక్కువ చేసినవ్ పంతులూ. రాదని చెప్తే నేనేమన్న కొడుతుంటినా?" అన్నారు. "రేపు చెప్త" అని వెళ్లిపోయారు. మూట సర్దుకున్నాను. నాన్న గుంటను శుభ్రంగా అలికించి ఉంచాడని అమ్మ రాయించిన ఉత్తరం ఆ మూటలోనే ఉంది.

మర్నాడు పిలిపించారు. వసారాలో ఒక పాత పెట్టె తెరిచి ఉంది, దాని చుట్టూ దుమ్ము. "ఇవి నేను సదువుకున్న కితాబులు. ఒకటో జమాత్ కాడికెంచి ఉన్నయి. దసరా తర్వాత నాలుగోదాంక నేనే పరీక్ష పెడ్త. తప్పితే రైలెక్కు" అన్నారు. రైలు ఎక్కనక్కర్లేదు అని దానికి అర్థమని నాకు తెలియడానికి రెండు నిమిషాలు పట్టింది. నాన్న పెట్టిన గడువు, వకీలు పెట్టిన గడువు, రెండూ దసరాయే.

దసరా సెలవులకు గద్వాల పోయాను. మూటలో నాలుగో జమాత్ వాచకం పెట్టుకున్నాను, అట్ట చినిగింది, లోపల బాగానే ఉంది. అక్క చెయ్యి అతుక్కుంది. బావ మగ్గం మీదున్నాడు. జరిగిందంతా చెప్పాను, మున్షీ అన్న మాటతో సహా. అది చెప్పేటప్పుడు ఆయన మొహంలోకి చూడలేకపోయాను.

"మున్షీ అన్నవా?" అన్నాడు. మగ్గం పలకను పేక మీదికి రెండుసార్లు లాగి కొట్టాడు. "ఇంట్ల కితాబు ఉంటే గా ముచ్చట అప్పుడే చెప్తుంటి బామ్మర్దీ. యాదికి రాలే."

పుస్తకం తీసి ఇచ్చాను. నాడె పక్కన పెట్టి, చేతులు పంచెకు తుడుచుకుని అందుకున్నాడు. కుడివైపు నుంచి తెరిచాడు. పుటలు ఒక్కొక్కటీ నిదానంగా తిప్పుకుంటూ పోయాడు. దేనికోసమో వెతుకుతున్నాడని నాకు కొంతసేపటికి తెలిసింది. సగంలో ఒకచోట ఆగి, వేలు పెట్టాడు.

"ఈడిదాంక వచ్చినం" అన్నాడు. "ఈ పాఠం నడుస్తుంటెనే మా నాయిన బడికొచ్చిండు. మగ్గం కాడ చెయ్యి తక్కువైందని తోల్కపోయిండు."

మా నాన్న నాకు గుంట తవ్వించి, నెలల గడువు ఇచ్చాడు. ఆయన మీద నేను పెంచుకున్న కోపమంతా అక్కడ ఎటు పెట్టుకోవాలో తెలియక నిలబడిపోయాను. బావకు పాఠం పూర్తయ్యేదాకా కూడా గడువు లేదు. పదేళ్ల పిల్లవాడిగా దిగిన ఆ గుంటలోనే ఆయన ఇంకా కూర్చుని ఉన్నాడు.

బావ పుస్తకం నా చేతికి తిరిగి ఇచ్చి, నాడె అందుకున్నాడు.

"తర్వాత ఏమున్నదో సదువు. నేను నేస్త."

నేను ఆయన పక్కన గుంటలోకి కాళ్లు దించి కూర్చుని, ఆయన వేలు పెట్టిన చోటు నుంచి తడుముకుంటూ చదివాను.